యోమ్ కిప్పూర్: యూదుల ప్రాయశ్చిత్త దినం

యోమ్ కిప్పూర్ యూదు మతంలో ఏడాది మొత్తం మీద అత్యంత పవిత్రమైన దినం. హీబ్రూ పంచాంగంలో తిష్రీ నెల పదో తేదీన వచ్చే ఈ రోజును పూర్తి ఉపవాసంతో, సామూహిక ప్రార్థనతో, చేసిన తప్పుల ఒప్పుకోలుతో గడుపుతారు. తెలుగు బైబిల్ చదివేవారికి ఇది ప్రాయశ్చిత్తార్థ దినంగా పరిచయం. ముందు రోజు సూర్యాస్తమయానికి కాస్త ముందే మొదలై, మర్నాటి రాత్రి నక్షత్రాలు కనిపించే దాకా సుమారు 25 గంటల పాటు సాగుతుంది. అన్నపానాలు మానడం దీనికి బయటి గుర్తు. తప్పును నోటితో ఒప్పుకోవడం, తన వల్ల నష్టపోయినవారిని సమాధానపరచడం, నడవడి మార్చుకోవడం దీని అసలు పని. ఆలయ కాలం నుంచి నేటి దాకా ఆచారాలు ఎంత మారినా, ఈ దినం గురించిన యూదు ధర్మశాస్త్రం ఆ పని చుట్టూనే పెరిగింది.

పంచాంగంలో స్థానం

బైబిల్ లెక్క ప్రకారం తిష్రీ ఏడో నెల. హీబ్రూ పంచాంగం చాంద్ర, సౌర మానాలను కలిపి నడుస్తుంది కాబట్టి ఆంగ్ల పంచాంగంలో ఈ రోజు ఏటా మారుతూ సెప్టెంబరులోనో అక్టోబరులోనో వస్తుంది. 2025లో అక్టోబరు 1 సాయంత్రం మొదలైంది. 2026లో మొదలయ్యేది సెప్టెంబరు 20 సాయంత్రం. పంచాంగ గణిత నియమాల వల్ల యోమ్ కిప్పూర్ ఆది, మంగళ, శుక్రవారాల్లో ఎన్నడూ రాదు. శుక్రవారమో ఆదివారమో వస్తే శనివారపు సబ్బాతుతో కలిసి రెండు రోజులు వరుసగా వంట, అంత్యక్రియల వంటి పనులన్నీ ఆగిపోతాయి. మంగళవారం వస్తే అదే నెల 21న జరిగే హోషానా రబ్బా అనే పండుగ దినపు ఆచారాలు సబ్బాతున పడతాయి. ఈ చిక్కులు రాకుండా నెలల నిడివిని సర్దుతారు.

తిష్రీ మొదటి రెండు రోజులు రోష్ హషానా, అంటే యూదుల నూతన సంవత్సరం. అక్కడి నుంచి యోమ్ కిప్పూర్ దాకా ఉన్న కాలాన్ని పశ్చాత్తాపపు పది దినాలంటారు. రోష్ హషానా నాడు దేవుడు ప్రతి మనిషి తీర్పునూ రాస్తాడని, యోమ్ కిప్పూర్ నాడు దానికి ముద్ర వేస్తాడని సంప్రదాయం చెబుతుంది. మంచి తీర్పుకు ముద్ర పడాలని కోరుతూ ఈ రోజుల్లో ఒకరినొకరు ‘గ్మార్ ఖతిమా తోవా’ అని పలకరించుకుంటారు. సన్నాహం అంతకు ముందు ఎలూల్ నెలలోనే మొదలవుతుంది. స్పెయిన్ మూలాలున్న సెఫార్దీలు, మధ్యప్రాచ్య యూదులు ఆ నెల పొడుగునా తెల్లవారకముందే లేచి సెలిఖోత్ అనే క్షమాపణ ప్రార్థనలు చేస్తారు. మధ్య, తూర్పు ఐరోపా మూలాలున్న అష్కెనాజీలు వాటిని రోష్ హషానాకు కొద్ది రోజుల ముందు మొదలుపెడతారు.

గ్రంథాధారం

ఈ దినానికి ప్రధాన ఆధారం లేవీయకాండం. 16వ అధ్యాయం ప్రధాన యాజకుడు చేయాల్సిన క్రతువును వివరిస్తుంది. 23వ అధ్యాయం పని మానాలని, ప్రాణాలను దుఃఖపరచుకోవాలని ఆజ్ఞాపిస్తుంది. ఈ దుఃఖపరచుకోవడాన్ని యూదు సంప్రదాయం ప్రధానంగా ఉపవాసంగా గ్రహించింది. ఆ రోజు అర్పించాల్సిన అదనపు బలులు సంఖ్యాకాండం 29వ అధ్యాయంలో ఉన్నాయి. అహరోను కుమారులు నాదాబు, అబీహు దేవుని సన్నిధిలో మరణించిన ఘటనను గుర్తు చేస్తూ 16వ అధ్యాయం మొదలవుతుంది. అతి పరిశుద్ధ స్థలంలోకి ఎవరు, ఎప్పుడు, ఎలా ప్రవేశించాలో ఆ నేపథ్యంలోనే నిర్దేశిస్తుంది.

రబ్బీల, అంటే యూదు ధర్మగురువుల, సంప్రదాయం ఈ తేదీని బంగారు దూడ కథతో కలుపుతుంది. ప్రజల అపరాధం వల్ల పది ఆజ్ఞల మొదటి పలకలు పగిలిపోయాక, మోషే మళ్లీ కొండెక్కి 40 రోజులు వేడుకుని, తిష్రీ 10న రెండో పలకలతో దిగివచ్చాడని ఆ కథనం. అందువల్ల ఈ దినం భయభక్తులతో పాటు సంతోషాన్నీ పంచుకుంటుంది. పాతకాలంలో యెరూషలేము కన్యలు ఈ రోజున అరువు తెచ్చుకున్న తెల్లని బట్టలు కట్టుకుని ద్రాక్షతోటల్లో నాట్యమాడేవారని రబ్బీల ధర్మసంకలనమైన మిష్నా చెబుతుంది. బట్టలు లేని పిల్ల సిగ్గుపడకూడదని అందరూ అరువు బట్టలే కట్టేవారట.

ఆలయ కాలపు క్రతువు

యెరూషలేములో ఆలయం ఉన్నంత కాలం దినమంతా ప్రధాన యాజకుడి చుట్టూ తిరిగేది. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన మిష్నాలో ‘యోమా’ అనే భాగానికి ఎనిమిది అధ్యాయాలుంటే వాటిలో ఏడు ఈ క్రతువు వర్ణనకే సరిపోయాయి. యాజకుణ్ణి ఏడు రోజుల ముందే ఇంటి నుంచి ఆలయ ఆవరణలోని గదికి తరలించేవారు. ఏదైనా అడ్డంకి వస్తే ఆ స్థానంలో నిలబడేందుకు మరొకరిని సిద్ధంగా ఉంచేవారు. పెద్దలు క్రతువు వరుసను అతనికి చదివి వినిపించేవారు. ముందు రాత్రి నిద్రపోనివ్వకుండా గ్రంథాలు చదివేవారు, చదివించేవారు.

ఆ రోజున యాజకుడు ఐదుసార్లు స్నానం చేసి, పదిసార్లు కాళ్లూ చేతులూ కడుక్కునేవాడు. రోజువారీ సేవకు బంగారం పొదిగిన వస్త్రాలు ధరించినా, ప్రాయశ్చిత్త క్రతువుకు మాత్రం సాదా తెల్లని నార బట్టలు కట్టేవాడు. ఎద్దు తల మీద చేతులుంచి మొదట తన తప్పులు, తన ఇంటివారి తప్పులు ఒప్పుకునేవాడు. తర్వాత యాజకులందరి కోసం, చివరికి మేక తల మీద చేతులుంచి ఇశ్రాయేలు ప్రజలందరి కోసం ఒప్పుకోలు చెప్పేవాడు. ఇతరుల పాపం గురించి నోరు విప్పే ముందు తన పాపం చెప్పుకోవాలన్నది ఈ వరుసలోనే ఉంది. ఏడాదంతా ఎవరూ అడుగుపెట్టని అతి పరిశుద్ధ స్థలంలోకి అతను ఈ ఒక్కరోజే ధూపంతో, బలిరక్తంతో వెళ్లేవాడు.

రెండు మేకల మీద చీట్లు వేసేవారు. ఒకటి దేవునికి బలి. రెండోది ‘అజాజేలుకు’, ప్రజల అపరాధాలను మోపి దాన్ని అరణ్యంలోకి పంపేవారు. మిష్నా వర్ణన ప్రకారం దాన్ని తోలుకెళ్లే మనిషి కోసం యెరూషలేము నుంచి కొండ అంచు దాకా దారి పొడుగునా పాకలు వేసి ఉండేవి. ప్రతి పాక దగ్గరా అతనికి అన్నం, నీళ్లు చూపించేవారు. అంత కఠినమైన ఉపవాస దినాన కూడా, ఎండలో నడిచే మనిషికి అవసరమైతే తినే వీలు ఉండాలన్నది దాని వెనుక ఆలోచన.

ఆ రోజుల్లో ఈ ఉపవాసం ఎంత ప్రసిద్ధమో ఇతర రచనలు కూడా తెలుపుతాయి. మొదటి శతాబ్దపు అలెగ్జాండ్రియా తత్వవేత్త ఫైలో దీని ఆచరణను వివరించాడు. అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం సముద్ర ప్రయాణానికి అనువైన కాలం దాటిపోయిందని చెప్పడానికి ఈ ఉపవాస దినాన్నే గుర్తుగా వాడింది. కుమ్రాన్ గుహల్లో దొరికిన హబక్కూకు వ్యాఖ్యానాన్ని బట్టి ఆ సమాజం ఈ దినాన్ని యెరూషలేము యాజకులు పాటించిన తేదీన కాక వేరే తేదీన పాటించినట్టు తెలుస్తోంది.

బలి నుంచి పశ్చాత్తాపానికి

క్రీ.శ. 70లో రోమన్లు ఆలయాన్ని ధ్వంసం చేయడంతో బలులు, యాజకుని ప్రవేశం, మేకను పంపడం అన్నీ ఆగిపోయాయి. ప్రాయశ్చిత్తానికి దారి మూసుకుపోయిందని దుఃఖిస్తున్న రబ్బీ యెహోషువతో, దయగల పనులు దానికి సమానమైన ప్రాయశ్చిత్తమని రబ్బీ యోహనాన్ బెన్ జక్కయ్ ఓదార్చినట్టు ఒక ప్రాచీన కథనం ఉంది. ఆ తరాల రబ్బీలు క్రతువు స్థానంలో ప్రార్థనను, ఒప్పుకోలును, మనిషి మార్పును నిలబెట్టారు. ఈ మార్పుకు హీబ్రూలో తెషువా అని పేరు.

యోమా చివరి అధ్యాయం దీనికి రెండు హద్దులు గీసింది. పాపం చేసి యోమ్ కిప్పూర్ నాడు కడిగేసుకుంటానని ముందే లెక్క వేసుకునేవాడికి ఆ దినం ప్రాయశ్చిత్తం ఇవ్వదు. అలాగే మనిషికీ దేవునికీ మధ్య జరిగిన తప్పులకు దినం ప్రాయశ్చిత్తమవుతుంది కానీ, సాటి మనిషి పట్ల చేసిన తప్పుకు అతణ్ణి సమాధానపరచే దాకా కాదు. దొంగిలించినవాడు సొత్తు తిరిగి ఇవ్వాలి, అవమానించినవాడు ఎదురుగా వెళ్లి క్షమించమని అడగాలి. ప్రార్థనలో ఎంత ఏడ్చినా ఆ అప్పు తీరదు.

12వ శతాబ్దంలో యూదు పండితుడు మైమోనిడీస్ తన ‘మిష్నే తోరా’ గ్రంథంలో పశ్చాత్తాప నియమాలను ఒక క్రమంలో పెట్టాడు. తప్పు మానుకోవాలి, చేసినందుకు బాధపడాలి, మళ్లీ చేయనని నిశ్చయించుకోవాలి, ఇదంతా నోటితో చెప్పాలి. అదే తప్పుకు అవే పరిస్థితుల్లో మళ్లీ అవకాశం వచ్చి, శక్తి ఉండి కూడా చేయకుండా నిలబడితే పశ్చాత్తాపం పూర్తయినట్టు. నష్టపోయినవారు మొదట క్షమించకపోతే మూడుసార్లు మనుషులను వెంటబెట్టుకుని వెళ్లి అడగాలి. అడిగించుకున్నవారు కూడా కఠినంగా ఉండకూడదు. చనిపోయినవారికి అపకారం చేసి ఉంటే పది మందిని తీసుకుని సమాధి దగ్గరికి వెళ్లి ఒప్పుకోవాలి.

ఉపవాస నియమాలు

ఈ రోజుకు ఐదు నిషేధాలున్నాయి: అన్నపానాలు, స్నానం, ఒంటికి నూనెలు పూసుకోవడం, తోలు చెప్పులు వేసుకోవడం, దాంపత్య సుఖం. మంచినీళ్లు కూడా ముట్టరు. వీటితో పాటు సబ్బాతు నిషేధాలన్నీ వర్తిస్తాయి: నిప్పు వెలిగించరు, వాహనం నడపరు, డబ్బు తాకరు. బట్టతోనో రబ్బరుతోనో చేసిన పాదరక్షలతో సినగాగ్ అనే ప్రార్థనాలయానికి వెళ్తారు. చాలామంది తెల్లని బట్టలు కడతారు. అష్కెనాజీ పురుషులు కిత్తెల్ అనే తెల్లని పై అంగీ వేసుకునే ఆచారం ఉంది. మిగతా ఉపవాసాలు సబ్బాతున వస్తే వాటిని వాయిదా వేస్తారు, లేదా ముందుకు జరుపుతారు. యోమ్ కిప్పూర్ మాత్రం సబ్బాతున వచ్చినా అదే రోజు పాటిస్తారు.

అబ్బాయిలకు 13, అమ్మాయిలకు 12 ఏళ్లు నిండినప్పటి నుంచి ఉపవాసం విధి. అంతకన్నా చిన్న పిల్లలకు భోజనాన్ని గంటో రెండు గంటలో ఆలస్యం చేస్తూ అలవాటు చేస్తారు. పసిపిల్లలు ఉపవాసం ఉండకూడదు. ప్రాణాపాయం ఉన్నవారు తినడం కేవలం అనుమతి కాదు, విధి. ప్రాణరక్షణ ముందు ఉపవాసం నిలవదు. వైద్యులు అవసరం లేదన్నా రోగి తనకు తినక తప్పదంటే పెట్టాలని, మిష్నా మీది రబ్బీల చర్చల సంకలనమైన తాల్ముద్ తీర్పు. గండం అంత తీవ్రం కాని రోగులకు కొద్ది నిమిషాల ఎడంతో కొంచెం కొంచెంగా ఆహారం, నీరు ఇచ్చే పద్ధతి ఉంది. ప్రసవమై మూడు రోజులు కాని బాలింతకు ఉపవాసం లేదు. 1848లో విల్నా నగరంలో కలరా వ్యాపించినప్పుడు, రబ్బీ ఇస్రాయెల్ సలాంతెర్ ఆ దినాన జనం భోంచేయాలని ప్రోత్సహించాడన్న కథనం ఈ సూత్రానికి ప్రసిద్ధమైన ఉదాహరణ.

ముందు రోజు

తిష్రీ 9న కడుపునిండా తినడం కూడా పుణ్యమేనని తాల్ముద్ చెబుతుంది. మధ్యాహ్నం దాటాక ఉపవాసానికి ముందు ఆఖరి భోజనం చేస్తారు. దాహం వేయకుండా ఉప్పు, కారం తగ్గిస్తారు. కాఫీ అలవాటున్నవారు తలనొప్పి రాకుండా అంతకు ముందు నుంచే తగ్గించుకుంటూ వస్తారు. పేదలకు దానాలు, ఆనవాయితీగా పవిత్ర స్నానం, పిల్లల తల మీద చేయి వేసి దీవించడం, చనిపోయిన పెద్దల పేర ఒక రోజంతా వెలిగే దీపం పెట్టడం ఈ రోజు పనులు. బంధువులు, ఇరుగుపొరుగు ఒకరి నుంచి ఒకరు క్షమాపణ కోరతారు.

కప్పరోత్ అనే ఆచారంలో కోడిని తల చుట్టూ తిప్పి, కోసి, మాంసాన్ని పేదలకు ఇస్తారు. 16వ శతాబ్దంలో ధర్మశాస్త్రకర్త యోసెఫ్ కారో దీన్ని వద్దన్నాడు. పోలండుకు చెందిన మోషే ఇస్సెర్లెస్ సమర్థించాడు. నేడు చాలామంది కోడికి బదులు డబ్బును తిప్పి దానం చేస్తారు.

ప్రార్థనల వరుస

యూదుల మామూలు రోజుకు మూడు ప్రార్థనలు, సబ్బాతుకు నాలుగు. యోమ్ కిప్పూర్‌కు ఐదు. మొదటిది రాత్రి జరిగే మారీవ్. దానికి ముందు, ఇంకా వెలుగు ఉండగానే, తోరా (మోషే ధర్మశాస్త్రం) చుట్టలను బయటికి తీసి కోల్ నిద్రే చదువుతారు. సాధారణంగా పగలు మాత్రమే కప్పుకునే తల్లిత్ అనే ప్రార్థన వస్త్రాన్ని ఈ రాత్రి కూడా కప్పుకుంటారు. అష్కెనాజీ సంప్రదాయంలో, తప్పు చేసినవారితో కలిసి ప్రార్థించడానికి అనుమతి ప్రకటించాకే కోల్ నిద్రే మొదలవుతుంది. ఎవరినీ వెలివేయకుండా సమాజమంతా ఒకటిగా నిలబడాలన్నది ఆ ప్రకటన సారం.

కోల్ నిద్రే ఎక్కువగా అరమాయిక్ భాషలో ఉన్న ప్రకటన. దేవునికి మొక్కుకుని నెరవేర్చలేని మొక్కుబడుల నుంచి విడుదల దీని విషయం. 9వ శతాబ్దపు బబులోను పండితుడు అమ్రామ్ గావోన్ దీన్ని వ్యతిరేకించాడు. 12వ శతాబ్దంలో రబ్బేను తామ్ గడిచిన ఏడాది మొక్కులకు బదులు రాబోయే ఏడాది మొక్కులకు వర్తించేలా పాఠం మార్చాడు. సాటి మనిషికి ఇచ్చిన మాటకు, ప్రమాణానికి ఇది వర్తించదు. అయినా యూదుల ప్రమాణాలను నమ్మకూడదని ప్రచారం చేసిన విద్వేషులు దీన్ని శతాబ్దాల పాటు సాకుగా వాడుకున్నారు. ఆ నింద తట్టుకోలేక 1844లో జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్‌లో సమావేశమైన సంస్కరణవాద రబ్బీలు దీన్ని వదిలేయమన్నారు. ప్రజలు మాత్రం వదల్లేదు. అష్కెనాజీల కోల్ నిద్రే బాణీ ఆధారంగా మాక్స్ బ్రుఖ్ చెల్లో వాద్యం కోసం చేసిన రచన పాశ్చాత్య సంగీత సభల్లో ప్రసిద్ధం.

పగటి ప్రార్థనలు వరుసగా షఖరీత్ (ఉదయపుది), ముసాఫ్ (అదనపుది), మిన్ఖా (మధ్యాహ్నపుది), నెయిలా (ముగింపుది). ఐదింటిలోనూ విద్దుయ్ అనే ఒప్పుకోలు ఉంటుంది. దీని చిన్న పాఠం హీబ్రూ అక్షర క్రమంలో సాగుతుంది. పెద్ద పాఠం తప్పులను ఒక్కొక్కటిగా పేర్కొంటుంది. ఒక్కో తప్పు చెబుతూ పిడికిలితో గుండె మీద మెల్లగా తట్టుకుంటారు. నాలుకతో చేసిన తప్పులు, అంటే చాడీలు, అబద్ధాలు, ఎగతాళి, ఆ జాబితాలో ఎక్కువ చోటు తీసుకుంటాయి. అంతా ‘మేము’ అనే బహువచనంలోనే ఉంటుంది. తాను చేయని తప్పునూ ప్రతి ఒక్కరూ ఒప్పుకుంటారు. పక్కవాడి తప్పులో సమాజానికీ బాధ్యత ఉందన్న భావన అది.

ఉదయం లేవీయకాండం 16వ అధ్యాయం, సంఖ్యాకాండం 29వ అధ్యాయంలోని భాగం చదివి, ప్రవక్తల నుంచి యెషయా 57, 58 అధ్యాయాలను తీసుకుంటారు. పనివారిని పీడిస్తూ చేసే ఉపవాసాన్ని ప్రవక్త అక్కడ తీవ్రంగా ఖండించాడు. ఆకలిగొన్నవాడికి అన్నం, నిలువనీడ లేనివాడికి ఆశ్రయం ఇవ్వడమే దేవుడు కోరే ఉపవాసమన్నాడు. జనం ఖాళీ కడుపుతో కూర్చున్న వేళ ఉపవాసాన్నే ప్రశ్నించే ఈ అధ్యాయాన్ని ఎంచుకోవడం రబ్బీల దూరదృష్టికి నిదర్శనం. ముసాఫ్‌లో ఆలయ క్రతువును కవితారూపంలో తిరిగి చెబుతూ, నేల మీద సాష్టాంగపడతారు. రోమన్లు చంపిన పది మంది పండితుల స్మృతి కూడా ఈ రోజు ప్రార్థనల్లో ఉంటుంది. మధ్యాహ్నపు మిన్ఖాలో యోనా గ్రంథాన్ని పూర్తిగా చదువుతారు. నీనెవె పట్టణస్థులు నడత మార్చుకోగానే శిక్ష తప్పిపోయిన కథ అది.

చివరిది నెయిలా. ఏడాదిలో ఈ ఒక్కరోజే ఉండే ప్రార్థన ఇది. తోరా చుట్టలున్న మందసం తలుపులు తెరిచే ఉంచుతారు. ఓపిక ఉన్నవారు మొదటి నుంచి చివరి దాకా నిలబడతారు. దేవుడు ఒక్కడేనని చెప్పే షెమా వాక్యాన్ని ఒకసారి, దాని వెంటనే వచ్చే స్తుతిని మూడుసార్లు, యెహోవాయే దేవుడన్న ప్రకటనను ఏడుసార్లు అందరూ గొంతెత్తి పలుకుతారు. పొట్టేలు కొమ్ముతో చేసిన షోఫార్ ఊదడంతో దినం ముగుస్తుంది.

తర్వాత పవిత్ర దినం ముగిసిందని తెలిపే హవ్‌దాలా ప్రార్థన చెప్పి ఉపవాసం విడుస్తారు. ఇరాన్ యూదులు ఆపిల్ తురుములో గులాబీ నీరు కలిపిన పానీయంతో, టర్కీ, గ్రీసు సెఫార్దీలు ఖర్బూజా గింజల పాలతో, మొరాకోవారు హరీరా సూపుతో విడవడం ఆనవాయితీ. ఐదు రోజుల్లో రాబోయే సుక్కోత్ పండుగ పందిరికి అదే రాత్రి మొదటి గుంజ పాతేవారూ ఉన్నారు.

వివిధ సమాజాల్లో, ఆధునిక కాలంలో

తాల్ముద్‌ను అంగీకరించని కరాయీలు, ఇథియోపియా యూదులు కూడా ఈ ఉపవాసాన్ని పాటిస్తారు. యూదుల నుంచి విడిగా ఉన్న సమరీయుల్లో పాలు మరిచిన పిల్లలు సైతం ఉపవాసం ఉంటారు. స్పెయిన్, పోర్చుగల్ దేశాల్లో బలవంతంగా క్రైస్తవం పుచ్చుకున్న యూదులు దీన్ని రహస్యంగా కాపాడుకున్నారు. మత విచారణ న్యాయస్థానాలు ఈ ఉపవాసాన్ని నేరానికి సాక్ష్యంగా చూశాయి. 19వ శతాబ్దం చివర్లో లండన్, న్యూయార్క్ నగరాల్లోని యూదు అరాచకవాదులు మతాన్ని ధిక్కరిస్తూ ఇదే రోజు విందులు, నృత్యాలు జరిపారు.

ఇజ్రాయెల్‌లో ఈ రోజు విమానాశ్రయాలు మూతపడతాయి, రేడియో, టెలివిజన్ ప్రసారాలు ఆగుతాయి. ఖాళీ రహదారుల మీద పిల్లలు సైకిళ్లు తొక్కుతారు. ప్యూ పరిశోధన సంస్థ 2016 నివేదిక ప్రకారం అక్కడి యూదుల్లో పది మందికి సుమారు ఆరుగురు రోజంతా ఉపవాసం ఉన్నారు. వీరిలో మిగతా రోజుల్లో మతాచారాలు అంతగా పాటించనివారూ ఉన్నారు. అమెరికాలో బేస్‌బాల్ క్రీడాకారుడు శాండీ కౌఫాక్స్ 1965 వరల్డ్ సిరీస్ తొలి ఆట ఈ రోజున పడినందుకు ఆడలేదు. అది అక్కడి యూదుల సామూహిక జ్ఞాపకంలో నిలిచిపోయింది.

1973 అక్టోబరు 6న, యోమ్ కిప్పూర్ మధ్యాహ్నం, ఈజిప్టు, సిరియా సైన్యాలు ఇజ్రాయెల్‌పై దాడి ప్రారంభించాయి. సినగాగ్‌ల నుంచే సైనికులు యుద్ధానికి వెళ్లారు. అప్పటి నుంచి ఇజ్రాయెల్‌లో ఈ దినం యుద్ధమృతుల స్మరణ కూడా అయింది. ఆ యుద్ధంలో బేత్ హషిత్తా అనే కిబుట్జ్ (సామూహిక వ్యవసాయ గ్రామం) 11 మందిని కోల్పోయింది. ఎవరు బతుకుతారో ఎవరు పోతారో అని తలపోసే ‘ఉనెతనె తోకెఫ్’ అనే పాత ప్రార్థన గీతానికి స్వరకర్త యాయిర్ రోజెన్‌బ్లుమ్ 1990లో ఆ కిబుట్జ్ కోసం కొత్త బాణీ కట్టాడు. మతానికి దూరంగా ఉండే ఆ ఊరి నుంచి ఆ బాణీ దేశంలోని సినగాగ్‌లకు పాకింది.

భారతదేశంలో

కొంకణ తీరపు బెనె ఇస్రాయెల్ యూదులు తక్కిన యూదు ప్రపంచంతో సంబంధం లేకుండా శతాబ్దాల పాటు బతికినా ఈ ఉపవాసాన్ని మరవలేదు. వారి మరాఠీలో దీన్ని తలుపులు మూసుకునే పండుగ అనేవారు. తెల్లని బట్టలు కట్టి, ఇళ్లలో తలుపులు వేసుకుని, బయటివారిని తాకకుండా గడిపేవారు. మర్నాడు బంధుమిత్రులను చూసి, పేదలకు దానం చేసేవారు. 1796లో ముంబయిలో వారి మొదటి సినగాగ్ ఏర్పడి, కొచ్చిన్ యూదుల నుంచి హీబ్రూ ప్రార్థనలు నేర్చుకున్నాక ఆచరణ మిగతా యూదుల పద్ధతికి దగ్గరైంది. కొచ్చిన్‌లో మట్టంచేరి పరదేశీ సినగాగ్ 1568 నాటిది. ఇజ్రాయెల్‌కు వలసల వల్ల ఈ సమాజాలన్నీ బాగా తగ్గిపోయాయి.

గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపంలోని కొత్తరెడ్డిపాలెంలో తమను బెనె ఎఫ్రాయిము యూదులుగా చెప్పుకునే చిన్న తెలుగు సమాజం ఉంది. పూర్వం మాదిగ కుటుంబాలుగా, క్రైస్తవులుగా గుర్తింపు పొందిన వీరు 1990ల మొదట్లో సొంత ప్రార్థనాలయం ఏర్పాటు చేసుకున్నారు. హీబ్రూ నేర్చుకుంటూ సబ్బాతును, యూదు పండుగలను పాటిస్తున్నారు. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ 2013లో వెలువరించిన పుస్తకం వీరి చరిత్రను, ఆచారాలను విద్యాలోకానికి పరిచయం చేసింది.